పన్నీరు విరిగిన వేసవి

ఆ రోజుల్లో బియ్యెస్సీ కెమిస్ట్రీ పాసైన కుర్రాడంటే ఇంట్లోవాళ్లకి బెంగ, వీధిలోవాళ్లకి కాలక్షేపం. ఎవరింట్లో పప్పు ఉడక్కపోయినా, ఎవరి సైకిలు గొలుసు తుప్పు పట్టినా "నువ్వు కెమిస్ట్రీ కదుటోయ్, ఎందుకంటావ్?" అని నిలదీసేవారు. నా దగ్గర ఉద్యోగమూ లేదు, జవాబూ లేదు. ఉన్నదల్లా దయ్యాలు లేవన్న గట్టి నమ్మకం ఒక్కటే. (పగటిపూట ఆ నమ్మకం ఇంకాస్త గట్టిగా ఉండేది.) ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకుని రాజమండ్రిలో ఒక పన్నీరు కొట్టులో పనికి చేరాను. ఆ వేసవిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలని కూడా అనిపిస్తుంది.

నన్ను చేర్చుకోవడానికి కారణం నా తెలివితేటలు కావు. బజారులో పోటీ కొట్టువాళ్లు తమ సీసాల మీద "కెమిస్టు పర్యవేక్షణలో తయారైనది" అని లేబులు అంటించడం మొదలెట్టారు. దాంతో మా షావుకారుగారికీ ఒక కెమిస్టు కావలసి వచ్చాడు. షావుకారుగారు ముప్పై దాటని మెత్తని మనిషి. భార్య పచ్చకామెర్లతో పోయి ఏడాది తిరిగాక, వాళ్లమ్మగారు పట్టుబట్టి నిడదవోలు సంబంధం తెచ్చి ఆ మాఘమాసంలోనే మళ్లీ పెళ్లి చేశారు. అమ్మగారిని కొట్టులో అందరూ పెద్దమ్మగారు అనేవారు, కొత్త కోడల్ని కొత్తమ్మగారు. కొత్తమ్మగారు నాకంటే ఏడాదో రెండేళ్లో చిన్న. ఎప్పుడూ గుమ్మం వెనకే ఉండేది. గాజుల చప్పుడు తప్ప ఆవిడ గొంతు నేను వినలేదు.

ముందు కొట్టు, మధ్యలో ఇల్లు, వెనక పెరట్లో రేకుల షెడ్డు. పన్నీరంటే గులాబీలు బట్టీ పెట్టి తీసేదనుకునేరు. అది వాళ్ల తాతలనాటి మాట. మేం బొంబాయి నుంచి డబ్బాల్లో వచ్చే గులాబీ తైలాన్ని గోదావరి నీళ్లలో కలిపేవాళ్లం. కావిళ్లతో తెచ్చిన నీళ్లు పెరటి వసారాలో పెద్ద రాగికాగులో పోసి, చిల్లగింజ అరగదీసి వేసి, గుడ్డ కట్టి వదిలేస్తే తెల్లారేసరికి బురదంతా దిగి తేటపడేవి. ఆ తేట నీళ్లని గాజు జాడీల్లోకి తీసుకుని, తైలం పోసి, చెక్క తెడ్డుతో గంటల తరబడి కలపాలి. షావుకారుగారి నాన్నగారు పెట్టిన నియమాలు రెండున్నాయి. నీళ్లు పట్టగలిగినంత తైలం పొయ్యాలి, ఇంకొక్క చుక్క వేస్తే కరగదు అన్నంత వరకూ. అలాగే కాగులో నీళ్లు ఎవరూ నోట పెట్టకూడదు. పెళ్లిళ్లకీ అభిషేకాలకీ వెళ్లే నీళ్లు ఎంగిలి కాకూడదు కదా. పోయిన పెద్దకోడలు ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డులో కూర్చుని సీసాలు నింపేదట. ఆవిడ జుట్టుకి ఎప్పుడూ గులాబీ వాసనే. "అది నడిచెళ్లిపోయినా వాసన కాసేపు అక్కడే నిలబడి ఉండేది నాయనా" అని పెద్దమ్మగారు నాతో ఒకటికి పదిసార్లు అన్నారు.

వైశాఖం వచ్చింది. పెళ్లిళ్ల గిరాకీ, మాడు పగిలే ఎండ. ఒక మిట్టమధ్యాహ్నం షెడ్డులో ఒక్కణ్ణే జాడీలో తెడ్డు తిప్పుతున్నాను. వీధిలో కుక్క కూడా కదలడం లేదు. అద్దంలా ఉండాల్సిన నీళ్లలో సన్నటి తెల్లటి పొగలాంటిది అడుగునుంచి లేచింది. మెలికలు తిరుగుతూ, విడిపోతూ, మళ్లీ కలుస్తూ పైదాకా వచ్చి, చూస్తూండగానే జాడీ మొత్తం పాలలా అయిపోయింది. తెడ్డు తీసేసినా అది తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఆ తెలుపులో చిన్న చిన్న చుక్కలు కనిపించాయి. పైకి తేలవు, కిందికి దిగవు, నీళ్ల మధ్యలో నిలబడి ఉన్నాయి. నేను కుడివైపు జరిగితే నాతోపాటు జరిగినట్టున్నాయి. అప్పుడు గుప్పుమంది వాసన. రోజూ ఉండే వాసన కాదది. ఎవరో తలస్నానం చేసి జుట్టు విదిలించుకుంటూ నా వెనకనుంచి వెళ్లినట్టుగా ఉంది. ఇంట్లో ఏదో గిన్నె కింద పడింది. పెద్దమ్మగారి గొంతు వినిపించింది, "వచ్చిందర్రా... అది వచ్చింది" అని.

కొత్తమ్మగారి గది కిటికీ షెడ్డువైపే తెరుచుకుంటుంది. వాసన తిన్నగా ఆ గదిలోకే పోయింది. ఆ రోజు మొదలు మధ్యాహ్నమయ్యేసరికి అదే వరస. నీళ్లు విరగడం, వాసన లేచి గది నిండడం, పెద్దమ్మగారు దేవుడి గదిలోకి దూరడం. షావుకారుగారు నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగారు.

"ఏంటండీ ఇది? మీ చదువులో దీనికేమన్నా పేరుందా?"

"ఎమల్షన్ అంటారండి."

"ఆహా. మరి దానికి శాంతి ఏం చెయ్యాలండి?"

నా దగ్గర శాంతి లేదు. తైలం కల్తీ అన్నాను, కొత్త డబ్బా తెప్పించారు, అదీ విరిగింది. ఎండ ఎక్కువైందన్నాను, జాడీలకి తడిగోనెలు చుట్టారు, అయినా విరిగింది. తెడ్డు మారుద్దామన్నాను. ఆ మాటన్నప్పుడు షావుకారుగారు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఈలోగా రావులపాలెంలో పెళ్లివాళ్లు సీసాలు వెనక్కి పంపారు. పన్నీరు చల్లిన చోటల్లా పెళ్లికూతురి పట్టుచీర మీద ఆరాక తెల్లటి మరకలు పడ్డాయట. "మీరు పంపింది పన్నీరా, విబూది నీళ్లా?" అని కబురు. ఆ కబురు విన్నాక పెద్దమ్మగారు అన్నం సరిగ్గా తినలేదు.

ఇంట్లో అందరికీ తోచింది ఒక్కటే. పెద్దకోడలికి కొత్తకోడలు రావడం ఇష్టం లేదు. ఆవిడ పేరున చీర పెట్టి దండం పెట్టుకున్నారు, ముత్తయిదువులకి పెట్టారు, అయినా పోవడం లేదు. ఇంక పిల్ల ప్రాణం మీదికొస్తుందని పెద్దమ్మగారి భయం. ఆవిడకి కోడలంటే కోపం ఉంటే బాగుండేదేమో, ఉన్నదంతా ప్రేమ. అందుకే ఒకనాడు కొడుకుని పిలిచి కళ్లనీళ్లతో తేల్చేశారు. "దాన్ని పుట్టింటికి పంపెయ్ నాయనా. అక్కడన్నా బతికి ఉంటుంది. మళ్లీ తీసుకురావద్దు." షావుకారుగారు తలొంచుకుని నిలబడ్డారు. నిడదవోలు కబురు వెళ్లింది. మర్నాడు పొద్దున్న బండికి అమ్మాయి నాన్నగారు వస్తున్నారు. పెళ్లై నాలుగు నెలలు నిండని పిల్ల, ఏ తప్పూ లేకుండా, పెట్టె సర్దుకుంటోంది. ఆ గాజుల చప్పుడు షెడ్డులోకి వినిపిస్తోంది.

ఆ మధ్యాహ్నమే తెడ్డు విసురుగా తిప్పితే చుక్క ఒకటి ఎగిరి నా పెదవి మీద పడింది. నియమం గుర్తొచ్చేలోపే నాలుకకి తగిలింది, ఉప్పగా. పన్నీరు ఉప్పగా ఉండటమేమిటి? నేనేదో కనిపెట్టేసినంత సంబరంగా ఇంట్లోకి పరిగెత్తి "ఉప్పగా ఉందండీ! నీళ్లు ఉప్పగా ఉన్నాయండీ!" అని అరిచాను. పెద్దమ్మగారు స్తంభం పట్టుకుని కూలబడిపోయారు.

"కన్నీళ్లు" అన్నారు. "అది ఏడుస్తోందర్రా."

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకూ వీపు మీద చల్లగా పాకింది. ఎండకి రేకులు టపటపమంటున్నాయి, ఇల్లంతా గులాబీల వాసన, నా నాలుక మీద ఎవరిదో కన్నీటిచుక్క. దయ్యాలు లేవన్న నా నమ్మకం పట్టపగలే జారిపోయింది. షెడ్డులోకి వెనక్కి వెళ్లకుండా, నీళ్లు తాగే వంకతో వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను.

అలా నిలబడ్డప్పుడే మా కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. అనిలీన్ అనే నూనెలాంటి ద్రవం చేసేటప్పుడు నీళ్లలో కలిసిపోయిన ఆ కాస్త అనిలీన్నీ బయటికి రప్పించడానికి గుప్పెడు ఉప్పు వెయ్యమనేవారు మేష్టారు. ఉప్పు వేస్తే తేటగా ఉన్న నీళ్లు తెల్లగా మసకేసి, నూనెచుక్కలు విడిపోయేవి. ఎందుకో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఉప్పు నీళ్లలో కరిగితే నీళ్లు దాని చుట్టూ మూగిపోతాయి, నూనెలాంటి వాటిని పట్టుకుని ఉంచడానికి నీళ్లకి తీరిక ఉండదు. పట్టు వదిలిన నూనె కొంత చుక్కలవుతుంది, కొంత గాలిలోకి లేస్తుంది. అందులోనూ మా జాడీల్లో తైలం అంచు దాకా పోసి ఉండేది, దాన్ని వెళ్లగొట్టడానికి కాస్త ఉప్పు చాలు. (ఇంత తెలిసినవాణ్ణి ఇన్నాళ్లూ తెడ్డు మారుద్దామంటూ తిరిగాను.) గరిటెలో కాగునీళ్లు పోసి పొయ్యిమీద పెట్టాను. నీళ్లు ఇగిరిపోయాక అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంది. నాకు తోక తొక్కిన పాములా కోపం వచ్చింది. ఇది పోటీ కొట్టువాళ్ల పనే, గోడ దూకి వచ్చి ఎవడో కాగులో ఉప్పు కలుపుతున్నాడు, ఇవాళ పట్టుకుని తీరతాననుకున్నాను.

దీపాలు పెట్టే వేళ, సీసాలు పార్సెల్ చేసే ఎండుగడ్డి కుప్ప వెనక నక్కి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వాసన ఇంకా గాలిలోనే ఉంది. చూస్తూండగా ఇంటివైపునుంచి తెల్లటి ఆకారం ఒకటి అడుగుల చప్పుడు లేకుండా వచ్చింది. తలమీద ముసుగు. రెండు పిడికిళ్లూ బిగించి ఎదర పట్టుకుని ఉంది. తిన్నగా కాగు దగ్గరికి నడుస్తోంది.

"ఎ... ఎవరదీ?" అన్నాను. పలకలేదు.

"ఎవరండీ?" అన్నాను. (భయపడ్డా మర్యాద పోలేదు, అది గోదావరి నీళ్ల మహిమ.) ఆకారం తిరిగి కూడా చూడలేదు. గుడ్డ తప్పించింది, పిడికిళ్లు విప్పింది. కాగులో బుడుంగుమని శబ్దం. నేను పెట్టిన కేక గోదావరి రైలువంతెన మీద వినిపించి ఉంటుంది. లేవబోయి గడ్డిలో బోర్లా పడ్డాను, గడ్డికుప్ప నామీద పడింది. ఆకారం నెమ్మదిగా చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పుడు నోరు విప్పింది.

"ఏంటయ్యా కెమిస్టూ, గడ్డిలో పడి ఆ అరుపులేంటి? పిల్ల దడుచుకోదూ?"

పెద్దమ్మగారు. కోడలికి ఉప్పుతో దిష్టి తీశారు. ఆ ఉప్పు నీళ్లలో పడేదాకా వెనక్కి తిరక్కూడదు, మాట్లాడకూడదు, అందుకే పలకలేదు. పెళ్లైన కొత్తలో చిటికెడుతో మొదలైన దిష్టి, పన్నీరు విరగడం మొదలయ్యాక గుప్పెడయింది, తర్వాత పూటపూటా రెండు గుప్పిళ్లయింది. కాగు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు, పాత నీళ్లమీదే కొత్త నీళ్లు పోస్తారు.

"ఆ ఉప్పు నూతిలో వెయ్యొచ్చు కదండీ పెద్దమ్మగారూ!" అన్నాను గడ్డి ఊసుకుంటూ.

"బాగానే ఉంది. నుయ్యంటే పిల్ల తాగే నీళ్లాయె. దాని దిష్టి మళ్లీ దాని కడుపులోకే పోదూ? గోదారికి వెళదామా అంటే మోకాళ్లు సాగవు. ఈ కాగు నీళ్లైతే మనింట్లో ఎవరూ నోట పెట్టరు. సీసాల్లో ఎక్కి ఊళ్లు దాటి పోతాయి, వాటితోపాటు దిష్టీ పోతుంది." అంతటితో ఆగి, వేలు పెదవిమీద పెట్టుకున్నారు. "బయటికి చెప్పావంటే దిష్టి పనిచెయ్యదు. నోరు మూసుకో." వెళ్లిపోయారు. అంత పకడ్బందీ ఆలోచన నా డిగ్రీలో ఎక్కడా తగల్లేదు.

పొద్దున్న బండికి అమ్మాయి నాన్నగారు దిగారు. గంభీరంగా కండువా సర్దుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నారు, కాఫీ ముట్టలేదు. లోపల పెట్టె సిద్ధంగా ఉంది. వీధిలో రిక్షా ఆగి ఉంది. పెద్దమ్మగారి మాట నిలబెట్టి నోరు మూసుకుంటే ఆ పిల్ల రిక్షా ఎక్కుతుంది. నేను రెండు గ్లాసులు, తైలం, ఉప్పుజాడీ పట్టుకుని వెళ్లి వాళ్లమధ్య బల్లమీద పెట్టాను. తాజాగా తెప్పించిన గోదావరి నీళ్లు వడగట్టి రెండింట్లోనూ పోసి, తైలం పట్టినంత కలిపాను. రెండూ అద్దాల్లా ఉన్నాయి. ఒకదాంట్లో ఉప్పు వేసి చెంచాతో తిప్పాను. తెల్లటి పొగ అడుగునుంచి లేచింది, మెలికలు తిరిగింది, గ్లాసు పాలలా అయింది, వసారా అంతా ఆ వాసన. అమ్మాయి నాన్నగారు కుర్చీ వెనక్కి జరిపేశారు.

"ఆవిడ కాదండి ఇది. ఉప్పండి" అన్నాను. "నీళ్లు పట్టుకున్న తైలాన్ని ఉప్పు బయటికి గెంటేస్తుంది. ఆ చీరల మీద మరకలు కూడా ఉప్పేనండి. కాగులో ఉప్పు పడకుండా చూస్తే నీళ్లు విరగవు, ఈ వాసనా రాదు."

"కాగులోకి ఉప్పెలా వచ్చింది?" అన్నారు షావుకారుగారు.

నేను నేలచూపులు చూశాను. పెద్దమ్మగారు గ్లాసు దగ్గరికొచ్చి, వంగి, చాలాసేపు ఆ తెలుపునే చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆవిడే చెప్పారు, దిష్టి సంగతంతా. చెప్పి, నావైపు తిరిగి చిన్నపిల్లలా అడిగారు.

"అంటే దాన్ని రోజూ పిలిచింది నేనేనటయ్యా?"

"ఆయ్... ఒకరకంగా అంతేనండి."

ఉన్నట్టుండి, నెలల తర్వాత మొదటిసారిగా, షావుకారుగారు పకపకా నవ్వారు. "నీ కోడలి దిష్టిని సీసాల్లో పెట్టి రావులపాలెం దాకా అమ్మించావా అమ్మా!" అమ్మాయి నాన్నగారు మొదట బిగుసుకుని, తర్వాత ఆపుకోలేక, కండువా నోటికడ్డం పెట్టుకున్నారు. పెద్దమ్మగారు నవ్వుతూ ఏడుస్తూ లోపలికెళ్లి కోడలి పెట్టె తాళం తనే తీశారు. రిక్షా ఖాళీగా వెళ్లిపోయింది. అమ్మాయి నాన్నగారు పులస చేపల కాలం కాదే అని విచారిస్తూనే కడుపునిండా భోంచేసి సాయంత్రం బండికి వెళ్లారు. నేను సీసాలమధ్య పెద్దమనిషిలా తిరిగాను.

వాళ్ల నాన్నగారిని సాగనంపాక కొత్తమ్మగారు షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చింది. నాతో మాట్లాడటం అదే మొదలు. కృతజ్ఞతలు చెబుతుందని సర్దుకుని నిలబడ్డాను.

"కెమిస్టుగారూ, అక్కయ్య ఇంక రాదాండి?"

"రాదండి. గ్యారంటీ అండి!" అన్నాను ఛాతీ విరుచుకుని.

ఆవిడ తలొంచుకుంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ మెల్లిగా అంది. "ఈ ఇంటికొచ్చాక నాతో ఎవరూ తీరిగ్గా మాట్లాడలేదండి. నన్ను చూస్తే ఆవిడ గుర్తొచ్చి అందరూ పక్కకి తప్పుకునేవారు. మధ్యాహ్నం ఆ వాసన వచ్చేది. వచ్చింది కదాని నేనే పలకరించాను. మా ఊరి సంగతులు, మా తమ్ముడి అల్లరి, అన్నీ చెప్పేదాన్నండి. నాకెప్పుడూ భయం వెయ్యలేదు. వింటున్నట్టే ఉండేది."

ఆవిడ కొంగుచాటునుంచి చిన్న గ్లాసు తీసి "కాస్త పన్నీరు పోస్తారా?" అంది. తేటగా, అంచుదాకా తైలం పట్టిన పన్నీరు నింపి ఇచ్చాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మా జాడీలన్నీ అద్దాల్లా ఉన్నాయి. అయినా వాసన వచ్చింది. సన్నగా, ఆ గదివైపునుంచి. కెమిస్టుగా చూడాల్సిన బాధ్యత ఉందని నాకు నేనే చెప్పుకుని కిటికీ దాకా వెళ్లాను. కిటికీలో గ్లాసు పాలలా తెల్లగా ఉంది, పక్కన రెండు ఉప్పు పలుకులు. లోపల ఆవిడ ఎవరికో తమ్ముడు చెట్టుమీదనుంచి పడ్డ కథ చెబుతోంది. మధ్యలో ఆగింది, అవతలివాళ్లు ఏదో అంటూంటే ఆగినట్టు. ఆగి, నవ్వింది. నాకు చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఉప్పు సంగతి నాకు తెలుసు, తైలం సంగతి తెలుసు, ఎండకి వాసన లేవడమూ తెలుసు. ఆవిడ ఎందుకాగిందో మాత్రం తెలియలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఆ 'గ్యారంటీ' ఇచ్చిన కుర్రాణ్ణి తలుచుకుంటే ముద్దూ వస్తుంది, జాలీ వేస్తుంది. పెద్దకోడల్ని ఇంట్లోంచి పంపేశానని మురిసిపోయాడు కానీ, పిలిచే విధానం నలుగురి ఎదుటా చేసి చూపించింది తనేనని వాడికి తట్టలేదు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. అక్కడ పనిచేసినన్నాళ్లూ రోజూ పొద్దున్న ఆ గ్లాసు కడిగి, తేట పన్నీరు నింపి, కిటికీలో పెట్టేవాణ్ణి. ఉప్పు కొత్తమ్మగారే వేసుకునేది.